ఒక యంత్రం, రెండు పేర్లు

మైక్రోకంట్రోలర్ల సబ్జెక్టు చదివిన ప్రతి ఒక్కరికీ హార్వర్డ్ ఆర్కిటెక్చర్ అనే మాట తెలుసు. ప్రోగ్రాముకి ఒక మెమరీ, డేటాకి వేరే మెమరీ. అలా అడిగితే రెండు మార్కులు. వాన్ న్యూమన్ ఆర్కిటెక్చర్‌తో తేడా రాయమంటే పట్టిక గీసి ఐదు మార్కులు. రాసేసి వచ్చేస్తాం. అక్కడ హార్వర్డ్ అనే పేరు ఎందుకు వచ్చిందో మన సిలబస్‌లో ఉండదు. ఆ పేరు వెనకాల ఒక యంత్రం ఉంది, ఆ యంత్రం వెనకాల ఒక మనిషి ఉన్నాడు. హోవార్డ్ ఐకెన్. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది.

ఆయన గురించి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మన కాలేజీల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట వినిపిస్తోంది. ఇండస్ట్రీతో కలిసి పనిచేయాలి. ఫలానా కంపెనీతో ఒప్పందం, ఫలానా ల్యాబు, ఫలానా స్పాన్సర్డ్ ప్రాజెక్టు. సంతకాలు, శాలువాలు, గ్రూప్ ఫోటో. ఆ ఫోటో తర్వాత ఏం జరుగుతుంది? పని ఎవరు చేస్తారు, పేరు ఎవరికి వస్తుంది? కంప్యూటర్ల రంగంలో ఒక యూనివర్సిటీ, ఒక కంపెనీ కలిసి చేసిన తొలి పెద్ద పనుల్లో ఐకెన్ యంత్రం ఒకటి. ఆ యంత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. దాన్ని కట్టినవాళ్ల మధ్య స్నేహం మాత్రం ప్రారంభోత్సవం రోజుకే చెడింది. నాకు యంత్రం ఎంత ముఖ్యమనిపించిందో, ఆ చెడిపోవడమూ అంతే ముఖ్యమనిపించింది.

రాత్రి డ్యూటీ, పగలు చదువు

ఐకెన్ 1900 మార్చి 8న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం హోబోకెన్‌లో పుట్టాడు. పెరిగింది ఇండియానాపొలిస్‌లో. తండ్రి తాగుడుకి బానిస. ఐకెన్‌కి ఇంకా మీసాలు రాకముందే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లిని పోషించే బాధ్యత పిల్లాడి మీద పడింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసి పనిలో చేరాడు.

ఇలాంటి కథలు మనకి కొత్త కాదు. ఇక్కడ ఐకెన్‌ని కాపాడింది బడి పెద్దలే. కుర్రాడు లెక్కల్లో చురుకైనవాడని గమనించి, రాత్రిపూట ఉద్యోగం, పగలు చదువు కుదిరేలా చేశారు. అలా ఆయన ఊళ్లోని విద్యుత్ కంపెనీలో స్విచ్‌బోర్డు ఆపరేటరుగా రాత్రి డ్యూటీ చేస్తూ ఆర్సెనల్ టెక్నికల్ హైస్కూల్లో చదువు పూర్తిచేశాడు. తర్వాత మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడా అదే పద్ధతి, ఊళ్లోని గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ చదివి 1923లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు విద్యుత్ రంగంలోనే ఉద్యోగం. మాడిసన్ కంపెనీలో, వెస్టింగ్‌హౌస్‌లో, ఇంకో పరికరాల తయారీ సంస్థలో. మంచి జీతం, మంచి హోదా. ముప్ఫై దాటాక, తనకి అసలు కావాల్సింది ఫిజిక్స్ అనిపించి అన్నీ వదిలేసి మళ్లీ విద్యార్థి అయ్యాడు. ముందు షికాగో, తర్వాత హార్వర్డ్. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చేసరికి 1939, అంటే ఆయనకి ముప్ఫై తొమ్మిదేళ్లు. బ్యాక్‌లాగు ఉందనో గ్యాప్ వచ్చిందనో దిగులుపడే మిత్రులు ఈ ఒక్క లైను గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ పదేళ్ల ఉద్యోగం తర్వాతి కథకి చాలా అవసరం. ఐకెన్ అచ్చంగా యూనివర్సిటీ మనిషి కాదు. కంపెనీ లోపల పని ఎలా నడుస్తుందో, ఎవరిని కలిస్తే ఫైలు కదులుతుందో తెలిసినవాడు. కంపెనీ గడప తొక్కడానికి జంకలేదంటే కారణం అదే.

అటక మీద ఇత్తడి చక్రాలు

ఆయన పీహెచ్‌డీ అంశం వాక్యూమ్ ట్యూబుల్లో స్పేస్ చార్జి. ఆ సమీకరణాలు నాన్‌లీనియర్. ఫార్ములా పెట్టి సాధిస్తే తెగవు. అంకెలు వేసి, మెట్టు మెట్టుగా లెక్కిస్తూ పోవాలి. అప్పట్లో అందుకున్న సాధనం డెస్కు మీద పెట్టుకునే కాలిక్యులేటర్. చెయ్యి తిప్పడం, అంకె రాసుకోవడం, మళ్లీ తిప్పడం. నెలల తరబడి అదే పని. ఎక్కడో ఒక అంకె తప్పితే మళ్లీ మొదటికి.

లెక్క చేయడం కష్టం కాదు, చేసిందే చేయడం కష్టం. ఈ చేసిందే చేయడాన్ని యంత్రానికి అప్పజెప్పలేమా అని ఐకెన్ ఆలోచించాడు. 1937లో తన ఊహనంతా ఒక ప్రతిపాదనగా రాశాడు. సైన్సుకి పనికొచ్చే లెక్కల యంత్రానికీ, ఆఫీసు పద్దులకి వాడే యంత్రాలకీ తేడా ఏమిటో అందులో వివరించాడు. నెగటివ్ సంఖ్యలు కావాలి, సైన్, లాగరిథమ్ లాంటి ఫంక్షన్లు కావాలి, అన్నిటికన్నా ముందు, ఒకసారి ఆదేశాల వరస ఇచ్చాక మనిషి చెయ్యి పెట్టకుండా చివరిదాకా తనంతట తానే నడవాలి.

హార్వర్డ్‌లో దీనికి పెద్ద స్పందన రాలేదు. పైగా ఒక తమాషా జరిగింది. ఫిజిక్స్ ల్యాబులో కార్మెలో లాంజా అనే టెక్నీషియన్ ఉండేవాడు. అలాంటి యంత్రం మన దగ్గర ఇప్పటికే ఉంది కదా, ఎవరూ ముట్టుకోవడం లేదు, మళ్లీ ఇంకోటి ఎందుకు అని ఆయనకి అనుమానం వచ్చిందట. ఆ మాట డిపార్ట్‌మెంటు పెద్ద ద్వారా ఐకెన్ చెవిన పడింది. వెళ్లి అడిగితే లాంజా అటక మీదికి తీసుకెళ్లి కొన్ని ఇత్తడి చక్రాలు చూపించాడు. అవి చార్లెస్ బాబేజ్ డిఫరెన్స్ ఇంజిన్ ముక్కలు! బాబేజ్ కొడుకు ఎప్పుడో హార్వర్డ్‌కి పంపించినవి, దుమ్ము పట్టి పడున్నాయి.

బాబేజ్ వంద ఏళ్ల క్రితమే ఇదే దారిలో నడిచి, యంత్రం పూర్తిచేయలేక పోయాడని ఐకెన్ అప్పుడు చదివి తెలుసుకున్నాడు. ఆ తర్వాత జీవితాంతం బాబేజ్‌ని గురువులా తలుచుకున్నాడు. ప్రొఫెసర్లందరికీ తెలియని సంగతి ల్యాబు టెక్నీషియన్‌కి తెలిసింది. మన ల్యాబుల్లో ఏ బీరువాలో ఏముందో నిజంగా ఎవరికి తెలుసో మీకు వేరే చెప్పాలా?

బాబేజ్ కథలో ఐకెన్‌కి ఒక హెచ్చరిక కూడా ఉంది. ఊహ ఎంత గొప్పదైనా, ఆ చక్రాలని కచ్చితంగా చేసిపెట్టే చేతులు దొరక్కపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. యూనివర్సిటీలో అలాంటి చేతులు లేవు. అవి ఫ్యాక్టరీలో ఉన్నాయి.

గడప గడపా తిరగడం

ఐకెన్ ముందుగా వెళ్లింది మన్రో కాలిక్యులేటింగ్ మెషిన్ కంపెనీకి. అక్కడ చీఫ్ ఇంజినీర్ జార్జ్ చేజ్. ప్రతిపాదన విన్న చేజ్‌కి దాని విలువ వెంటనే అర్థమైంది, చేద్దామన్నాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. అమ్ముడుపోయే వస్తువు కాదు, ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇక్కడ చేజ్ చేసిన పని నాకు చాలా నచ్చింది. తన కంపెనీ కాదన్నా ఊరుకోకుండా, ఐబీఎం అయితే చేయగలదని ఐకెన్‌కి దారి చూపించాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్ థియోడర్ బ్రౌన్‌కి ఐబీఎంతో పరిచయం ఉంది. ఆయన ద్వారా ఐకెన్ జేమ్స్ బ్రైస్‌ని కలిశాడు. బ్రైస్ అంటే ఐబీఎంలో వందలాది పేటెంట్లున్న పెద్ద ఇంజినీర్. ఆయన సరే అంటే అధినేత థామస్ వాట్సన్ సరే అన్నట్టే. 1939లో ఒప్పందం కుదిరింది.

అప్పటి ఐబీఎం అంటే కంప్యూటర్ల కంపెనీ కాదు. పంచ్ కార్డుల కంపెనీ. కార్డుకి చిల్లులు పెట్టే యంత్రాలు, వాటిని వేరుచేసే యంత్రాలు, కూడికలు వేసి ముద్రించే యంత్రాలు. జనాభా లెక్కలు, బీమా, రైల్వే, జీతాల పద్దులు, అన్నీ వాటి మీదే. అంటే ఆ రోజుల సమాచార వ్యవస్థ అంతా అట్టముక్కల మీద నడిచేది. ఐకెన్ కోరిన యంత్రానికి కావాల్సిన విడిభాగాల్లో చాలావరకు ఐబీఎం అరల్లోనే ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే ఆదేశాల వరస కింద నడిపించడమే అసలు పని.

ఆ పని న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్ ఫ్యాక్టరీలో మొదలైంది. పర్యవేక్షణ క్లెయిర్ లేక్‌ది. 80 నిలువు వరసల పంచ్ కార్డుకి రూపం ఇచ్చింది ఈయనే. ఆయనతో ఫ్రాన్సిస్ హామిల్టన్, బెంజమిన్ డర్ఫీ. ఐకెన్ మధ్యమధ్య ఎండికాట్ వెళ్లి, ఏ లెక్క ఎలా జరగాలో గణితం వైపు నుంచి చెప్పేవాడు. దాన్ని రిలేలుగా, కౌంటర్లుగా, షాఫ్టులుగా, వైర్లుగా మార్చింది ఈ ముగ్గురూ, వాళ్ల మనుషులూ.

1941లో ఐకెన్‌ని నేవీ పిలిచింది. వర్జీనియాలోని మైన్ వార్‌ఫేర్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయాడు. హార్వర్డ్ తరఫున రాబర్ట్ కాంప్‌బెల్ అనే విద్యార్థి ఆ బాధ్యత చూసుకున్నాడు. అంటే యంత్రం రూపుదిద్దుకుంటున్న ముఖ్యమైన రోజుల్లో ఐకెన్ ఎక్కువగా అక్కడ లేడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

51 అడుగుల యంత్రం

1943 జనవరికి ఎండికాట్‌లోనే యంత్రం మొదటి లెక్కలు చేసింది. 1944 ఫిబ్రవరిలో విప్పి, పెట్టెల్లో సర్ది, హార్వర్డ్‌కి తరలించి మళ్లీ బిగించారు. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. బరువు దాదాపు 5 టన్నులు. లోపల వైరు 500 మైళ్లు. మన హైదరాబాద్ నుంచి విశాఖకి వెళ్లినా ఇంకా మిగులుతుంది! విడిభాగాలు ఏడున్నర లక్షలకు పైనే. వీటన్నిటినీ ఒక తాళంలో నడపడానికి 50 అడుగుల పొడవైన షాఫ్టు, దాన్ని తిప్పడానికి 5 హార్స్‌పవర్ మోటారు. మన ఊళ్లల్లో బోరుబావికి వాడే మోటారంత అన్నమాట.

లోపల 72 కౌంటర్లు, ఒక్కోటీ 23 అంకెల సంఖ్యని దాచుకుంటుంది. కూడికకి 0.3 సెకను, గుణకారానికి 6 సెకన్లు, భాగహారానికి 15 సెకన్ల పైన. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ అది అలిసిపోదు, అంకె తప్పదు, రాత్రీ పగలూ ఆగదు.

ప్రోగ్రాము కాగితం టేపు మీద ఉండేది. టేపు మీద ఒక్కో వరసలో 24 చిల్లులకి చోటు. అవి మూడు భాగాలు: సంఖ్య ఎక్కడి నుంచి తీయాలి, ఎక్కడ పెట్టాలి, ఏం చేయాలి. అసెంబ్లీ లాంగ్వేజ్ నేర్చుకున్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. లూప్ కావాలంటే? టేపు రెండు కొసలూ కలిపి అంటించేవారు, అది నిజంగానే గుండ్రంగా తిరుగుతూ ఉండేది. ప్రోగ్రాము టేపు మీద, డేటా కౌంటర్లలో. రెండూ వేరు వేరు. హార్వర్డ్ ఆర్కిటెక్చర్ అన్న పేరు తర్వాతి కాలంలో ఇందుకే వచ్చింది.

ప్రారంభోత్సవం

1944 ఆగస్టు 7న హార్వర్డ్‌లో అంకితోత్సవం పెట్టారు. మన ఊళ్లల్లో శిలాఫలకం గొడవలు మీరు చూసే ఉంటారు. కొత్త బిల్డింగు మీద ఫలానా ఆయన పేరు వేయలేదని వేడుకే ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. హార్వర్డ్‌లో జరిగింది అంతకంటే పెద్ద తేడా ఏమీ కాదు.

ముందు నుంచే చిన్న చిన్న చికాకులు ఉన్నాయి. యంత్రం చూడ్డానికి ఘనంగా ఉండాలని వాట్సన్ కోరిక. నార్మన్ బెల్ గెడిస్ అనే ప్రసిద్ధ డిజైనర్ చేత ఉక్కు, గాజుతో మెరిసే తొడుగు చేయించాడు. ఐకెన్‌కి అది నచ్చలేదు. యుద్ధకాలంలో ఉక్కు దండగ, పైగా రిపేరుకి లోపలి భాగాలు అందుబాటులో ఉండాలి కదా అని ఆయన బాధ. పేరులోనూ తేడా ఉంది. ఐబీఎం దాన్ని ఆటోమేటిక్ సీక్వెన్స్ కంట్రోల్డ్ కాలిక్యులేటర్ అంది. హార్వర్డ్‌లో మార్క్ 1 అన్నారు. ఒకే యంత్రం, రెండు పేర్లు.

వేడుకకి ముందు హార్వర్డ్ వాళ్లు పత్రికలకి ఒక ప్రకటన ఇచ్చారు. అందులో యంత్రాన్ని కనిపెట్టినవాడు ఐకెన్ అని ఉంది. ఐబీఎం ఇంజినీర్ల పాత్రని నామమాత్రం చేసేశారు. వేడుక కోసం బోస్టన్ చేరిన వాట్సన్ పేపరు చూసి మండిపడ్డాడు. అసలు వేడుకకే రానన్నాడు. హార్వర్డ్ పెద్దలు నానా తంటాలు పడి శాంతింపజేశారు. మర్నాడు వచ్చాడు, మాట్లాడాడు. యంత్రానికి అయిన ఖర్చు 2 లక్షల డాలర్లని అంచనా, అదంతా ఐబీఎం భరించింది. పైగా దాన్ని నడపడానికి హార్వర్డ్‌కి ఇంకో లక్ష డాలర్లు విరాళం ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పలేదు. కానీ మనసు విరిగింది.

ఎవరిది తప్పు? నేను రెండు వైపులా ఆలోచించి చూశాను.

ఐకెన్ వైపు నుంచి చూస్తే, ఊహ ఆయనది. ఏం కావాలో, ఏ వరసలో కావాలో, గణితం ఎలా నడవాలో చెప్పింది ఆయన. ఇల్లు కట్టించేటప్పుడు ప్లాను గీసినాయన పేరు చెబుతాం, మేస్త్రి పేరు చెప్పం. ఆయన లెక్క అలాంటిదే.

వాట్సన్ వైపు నుంచి చూస్తే, ఆయన ఈ యంత్రాన్ని అమ్ముకోవడానికి కట్టించలేదు. దాన్నుంచి డబ్బు రాదని తెలుసు. రావలసిందల్లా పేరు. హార్వర్డ్ పక్కన ఐబీఎం పేరు, తన ఇంజినీర్ల పనితనానికి గుర్తింపు. ఇవ్వాల్సింది ఆ ఒక్కటే, అదే ఇవ్వలేదు. పైగా ఇది ప్లాను చూసి గోడ కట్టడం లాంటిది కాదు. ఐకెన్ కాగితానికీ కదిలే యంత్రానికీ మధ్య కొన్ని వందల నిర్ణయాలున్నాయి. అవి తీసుకున్నది లేక్, హామిల్టన్, డర్ఫీ. అందులోనూ ఐకెన్ ఊళ్లో లేని రోజుల్లో.

నాకైతే వాట్సన్ కోపంలో న్యాయం ఉందనిపిస్తుంది. ఐకెన్ గొప్పతనం కొంచెం కూడా తగ్గించకుండానే ఈ మాట అంటున్నాను. ఇంకో సంగతి చూడండి. 1945లో ఆ యంత్రానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు, 1952లో మంజూరైంది. ఆ కాగితం మీద నలుగురు ఆవిష్కర్తల పేర్లున్నాయి. పత్రికా ప్రకటనలో రాయలేకపోయింది చట్టం ముందు రాశారు. అదేదో ఏడాది ముందు రాసుంటే?

విడిపోయాక

యంత్రం మాత్రం ఆగలేదు. నేవీ ఐకెన్‌ని హార్వర్డ్‌కే పంపి, మార్క్ 1ని ఆయన చేతికిచ్చింది. ల్యాబు అంతా మిలిటరీ క్రమశిక్షణ. 1944 జులైలో అక్కడ చేరిన లెఫ్టినెంట్ గ్రేస్ హాపర్‌ని ఐకెన్ నేరుగా పనిలోకి దింపేశాడు. 1946లో అచ్చయిన 500 పేజీల పైచిలుకు మార్క్ 1 మాన్యువల్ రాసే పనిలో ఆమెదే పెద్ద చెయ్యి. ఐకెన్ కఠినుడే, కోపిష్టే, కానీ పని నేర్పించేవాడని ఆమె చివరిదాకా గౌరవంగానే తలుచుకుంది. అదే రోజుల్లో వాన్ న్యూమన్ ఒక లెక్క పట్టుకొచ్చాడు. అది అణుబాంబు తయారీకి సంబంధించిందని అక్కడ టేపులు చిల్లులు పెట్టినవాళ్లకి అప్పుడు తెలియదు. యుద్ధం ముగిశాక యంత్రం ఏళ్ల తరబడి బెసెల్ ఫంక్షన్ల పట్టికలు లెక్కపెట్టింది. అందుకే దానికి బెస్సీ అని ముద్దుపేరు వచ్చింది. 1959 దాకా పనిచేసింది.

ఐకెన్ ఆ తర్వాత ఐబీఎం గడప తొక్కలేదు. నేవీకి మార్క్ 2, మార్క్ 3, ఎయిర్‌ఫోర్స్‌కి మార్క్ 4 తన ల్యాబులోనే కట్టాడు. 1947 సెప్టెంబర్ 9న రిలేలో చిమ్మట ఇరుక్కున్న కథ మనందరికీ తెలిసిందే, అది మార్క్ 2లో జరిగింది. బగ్ అనే మాట అంతకు చాలా ముందు నుంచే ఇంజినీర్ల నోట ఉంది, ఆ రోజు పుట్టింది కాదు.

ఐబీఎం కూడా ఊరుకోలేదు. హార్వర్డ్ యంత్రాన్ని మించింది కట్టాలని వాట్సన్ పట్టుబట్టాడు. 1945లో కొలంబియా యూనివర్సిటీలో ఐబీఎం డబ్బుతో ఒక కంప్యూటింగ్ ల్యాబు పెట్టి, ఖగోళ శాస్త్రవేత్త వాలెస్ ఎకర్ట్‌కి అప్పజెప్పాడు. 1948 జనవరిలో న్యూయార్క్ ఆఫీసులో, వీధిలో పోయేవాళ్లకి అద్దాల్లోంచి కనిపించేలా ఎస్‌ఎస్‌ఈసీ అనే కొత్త యంత్రం నిలబెట్టాడు. దాని చీఫ్ ఇంజినీర్ ఎవరనుకున్నారు? మార్క్ 1 కట్టిన హామిల్టనే. దాని రూపకల్పనలో ముఖ్యుడు రాబర్ట్ సీబర్. ఆయన అంతకుముందు ఐకెన్ కింద పనిచేసి బయటికి వచ్చినవాడు.

అంటే ఒక యూనివర్సిటీతో చెడితే కంపెనీ యూనివర్సిటీలనే వదిలేయలేదు. ఇంకో యూనివర్సిటీ దగ్గరికి వెళ్లింది. నష్టం ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి.

శిష్యులు

ఇక్కడితో ఆపేస్తే ఐకెన్ కథ పేరు కోసం గొడవపడ్డ పెద్దమనిషి కథ అయిపోతుంది. అది అన్యాయం. ఆయన చేసిన అతి గొప్ప పని, నా లెక్క ప్రకారం, యంత్రం కాదు, క్లాసు.

కంప్యూటర్ సైన్స్ అనే డిపార్ట్‌మెంటే ఎక్కడా లేని రోజుల్లో, 1940ల చివరికే ఐకెన్ హార్వర్డ్‌లో పీజీ విద్యార్థులకి కంప్యూటర్ల చదువు మొదలుపెట్టాడు. 1950ల మధ్యకి వచ్చేసరికి వ్యాపార లెక్కలని కంప్యూటర్ మీద నడపడం, అంటే డేటా ప్రాసెసింగ్, కూడా యూనివర్సిటీలో పాఠం కావాలని పట్టుబట్టాడు. పంచ్ కార్డుల పని గుమాస్తాలది, దానికి పీజీ కోర్సేమిటి అనుకునే కాలం అది. ఇవాళ మనం ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని చదువుకునేదాని తొలి పాఠాల్లో అదొకటి.

ఆ పాఠాలు చెప్పే బాధ్యత ఆయన తన శిష్యుడు కెన్నెత్ ఐవర్సన్‌కి ఇచ్చాడు. ఐవర్సన్ బోర్డు మీద లెక్కలు స్పష్టంగా రాయడానికి తన సొంత గుర్తులు తయారుచేసుకున్నాడు. ఆ గుర్తులే తర్వాత ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అయ్యాయి. అది పూర్తి రూపానికి వచ్చింది ఎక్కడ? ఐబీఎంలో. 1960లో ఐవర్సన్ అక్కడ చేరాడు.

ఇంకో శిష్యుడు ఫ్రెడ్ బ్రూక్స్. 1956లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి అదే ఏడాది ఐబీఎంకి వెళ్లాడు. 1964లో వచ్చిన సిస్టమ్/360 తయారీని నడిపించింది ఆయనే. దాని ఆర్కిటెక్చర్‌లో ఆయనతో పాటు పనిచేసిన గెరిట్ బ్లావ్ కూడా ఐకెన్ దగ్గర పీహెచ్‌డీ చేసినవాడే. ఐబీఎం చరిత్రలో అంత పెద్ద విజయం ఇంకోటి లేదంటారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ క్లాసులో ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని చదువుకుంటామే, ఆ పాఠం చెప్పిన బ్రూక్స్ ఈయనే.

ఇంకొకాయన ఆన్ వాంగ్, చైనా నుంచి వచ్చిన ఫిజిక్స్ విద్యార్థి. 1948లో ల్యాబులో చేరగానే ఐకెన్ ఒక చిక్కుముడి ఇచ్చాడు. కదిలే భాగాలు లేకుండా అయస్కాంతం మీద సమాచారం దాచి, చదవగలమా? కొద్ది వారాల్లోనే వాంగ్ దారి కనిపెట్టాడు. మాగ్నెటిక్ కోర్ మెమరీకి అదొక పునాది. 1949లో తన పేరు మీదే పేటెంటుకి దరఖాస్తు చేసుకున్నాడు. 1951లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1956లో ఆ పేటెంటుని 5 లక్షల డాలర్లకి అమ్మాడు. కొన్నది మళ్లీ ఐబీఎమే.

ఇదంతా పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. ఐకెన్, వాట్సన్ ఒకరి మొహం ఒకరు చూడకపోయినా, హార్వర్డ్ నుంచి ఐబీఎంకి దారి మూసుకుపోలేదు. ఆ దారిలో నడిచింది కుర్రాళ్లు. పెద్దల సంతకాలు ఒక్క యంత్రాన్ని ఇచ్చాయి. ఒక మొండి ప్రొఫెసర్ క్లాసులోంచి బయటికొచ్చినవాళ్లు రాబోయే ముప్ఫై ఏళ్ల కంప్యూటర్లని ఇచ్చారు.

ఐకెన్ 1961లో హార్వర్డ్ నుంచి రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఊరికే కూర్చోలేదు. తన పేరుతో ఒక కంపెనీ పెట్టాడు, మయామి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, కంపెనీలకి సలహాలిచ్చాడు. 1970లో ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఎడిసన్ మెడల్ అందుకున్నాడు. 1973 మార్చి 14న సెయింట్ లూయిస్‌లో, ఒక కంపెనీకి సలహాదారుగా వెళ్లిన ఊళ్లోనే పోయాడు. డెబ్బై మూడేళ్లు. చివరి ప్రయాణం కూడా యూనివర్సిటీ నుంచి ఇండస్ట్రీకే.

మనకేం సంబంధం

మనలో చాలామంది ఫైనలియర్లో ఏదో ఒక కంపెనీ ప్రాజెక్టు చేస్తాం. కొందరు కంపెనీ ఇచ్చిన డేటా మీద పనిచేస్తారు, కొందరు కంపెనీ బోర్డుల మీద. పని మొదలయ్యేటప్పుడు అందరం స్నేహితులమే. ఆ స్నేహంలో రాతకోతలు ఎందుకులే అనిపిస్తుంది. ఐకెన్ కథ చదివాక నాకు అనిపించింది ఒకటే. రాసుకోవాల్సింది ఆ స్నేహం ఉన్నప్పుడే. ఊహ ఎవరిది, చేత ఎవరిది, పేపరు మీద ఎవరి పేర్లు ఏ వరసలో వస్తాయి, కోడ్ ఎవరి దగ్గరుంటుంది, పేటెంటు వస్తే ఎవరిది, పత్రికకి ఇచ్చే నాలుగు ముక్కలు ముందుగా ఎవరెవరు చూడాలి. ఒక కాగితం చాలు. హార్వర్డ్‌కీ ఐబీఎంకీ లాయర్లు లేక కాదు, ఈ చివరి ముక్క ఎవరికీ తట్టక చెడింది.

రెండోది, ఒప్పందాల గోల మనది కాదు, పెద్దలు చూసుకుంటారు అనుకోకండి. పెద్దల మధ్య ఏం జరిగినా, అవతల ఒడ్డుకి పని తీసుకెళ్లేది విద్యార్థులే. బ్రూక్స్, ఐవర్సన్, బ్లావ్, వాంగ్ అంతా ఆ ల్యాబులో మనలాంటి వయసులో కూర్చున్నవాళ్లే.

మార్క్ 1ని తర్వాత విడదీశారు. కొంత భాగం ఇప్పటికీ హార్వర్డ్‌లో ఉంది, మిగతా ముక్కలు స్మిత్సోనియన్ మ్యూజియంకీ ఐబీఎంకీ వెళ్లాయి. దాని పేటెంటు మీద ఉన్న నాలుగు పేర్లూ ఇవి: క్లెయిర్ లేక్, హోవార్డ్ ఐకెన్, ఫ్రాన్సిస్ హామిల్టన్, బెంజమిన్ డర్ఫీ. మనకి తెలిసిన పేరు వాటిలో ఒక్కటే కదా. మిగతా మూడు కూడా తెలియాలనే ఇంత రాశాను.